దీర్ఘకాలిక ప్రేగు వ్యాధి గల శునకాలలో విటమిన్-కె లోపం, రక్తస్రావం: గుర్తింపు, నిర్ధారణ, చికిత్స

సారాంశం

పల్లెలలో కుక్కకు ముక్కు నుండి గాని, నోటి నుండి గాని రక్తం కారినప్పుడు ఎలుకల మందు తిన్నదని భావించడం పరిపాటి. ఈ అనుమానం చాలా సందర్భాలలో సమంజసమే. అయితే వారాల తరబడి విరేచనాలతో చిక్కిపోయిన శునకంలో ఏ విషమూ తినకుండానే ఇటువంటి రక్తస్రావం కలుగవచ్చు. వ్యాధిగ్రస్తమైన ప్రేగు కొవ్వును శోషించలేనప్పుడు కొవ్వులో కరిగే విటమిన్-కె కూడా శరీరానికి అందదు. అందువలన రక్తాన్ని గడ్డకట్టించే కారకాలు పనికిరాని రూపంలో తయారవుతాయి. ఈ స్థితిని సాధారణ రక్తపరీక్షలతో గుర్తించవచ్చు. చర్మం క్రింద ఇచ్చే విటమిన్-కె1 ఇంజెక్షన్‌తో ఒకటి రెండు రోజులలో సరిచేయవచ్చు. ఈ లోపం ఏర్పడే విధానం, ఎలుకల మందు విషప్రభావం నుండి, గోమార్ల వలన వచ్చే జ్వరం నుండి దీనిని వేరుచేసి గుర్తించే పద్ధతి, చికిత్సలో పాటించవలసిన జాగ్రత్తలు ఈ వ్యాసంలో వివరించడమైనది.

ముఖ్య పదాలు: శునకం, దీర్ఘకాలిక ప్రేగు వ్యాధి, విటమిన్-కె, రక్తస్రావం, బ్రోమాడియొలోన్, ప్రోత్రాంబిన్ కాలం

1. పరిచయం

వరి పండించే ప్రాంతాలలో ఎలుకల నివారణ సస్యరక్షణలో ముఖ్యభాగం. అందుకు సిఫారసు చేసే బ్రోమాడియొలోన్ అనే మందు రక్తం గడ్డకట్టకుండా చేసి ఎలుకను చంపుతుంది. పొలంలో పెట్టిన విషపు ఎరను తిన్న కుక్క కూడా అదే విధంగా రక్తస్రావానికి గురవుతుంది. కావున రక్తం కారుతున్న కుక్కను చూచిన రైతు మొదట వ్యవసాయాధికారిని గాని, మందుల దుకాణదారుని గాని ప్రశ్నించడం సహజం. కొన్నిచోట్ల ఇది ఇరుగుపొరుగు రైతుల మధ్య తగవులకు కూడా దారితీస్తుంది. సస్యశాస్త్ర రంగంలో పనిచేసేవారికి ఈ విషయంపై అవగాహన అవసరం కావడానికి ఇదే కారణం.

అయితే ఎలుకల మందు అడ్డుకునేది విటమిన్-కె చేసే పనినే. ఆ విటమిన్ శరీరానికి అందకపోయినా ఫలితం ఒక్కటే. పై లక్షణాలు ఒకే విధంగా కనిపించే ఈ రెండు స్థితులలో కారణం వేరు, చికిత్స కాలం వేరు, తరువాత తీసుకోవలసిన శ్రద్ధ వేరు. కారణాన్ని పొరపాటుగా ఊహిస్తే, చవకైన ఒక ఇంజెక్షన్‌తో బ్రతకవలసిన జంతువు మరణించవచ్చు. లేదా తాత్కాలికంగా కోలుకొని, మూలవ్యాధి మిగిలిపోయినందున కొద్ది వారాలకే మళ్లీ రక్తస్రావానికి లోనుకావచ్చు.

2. విటమిన్-కె పూర్వచరిత్ర

ఈ విటమిన్ చరిత్రకు వ్యవసాయంతో దగ్గరి సంబంధం ఉన్నది. 1929 ప్రాంతంలో కోపెన్‌హేగెన్‌లో హెన్రిక్ డామ్ అనే జీవరసాయన శాస్త్రవేత్త కొవ్వును తొలగించిన దాణాతో కోడిపిల్లలను పెంచుతూ కొలెస్టరాల్‌పై పరిశోధన చేశారు. ఆ పిల్లలకు చర్మం క్రింద, కండరాలలో రక్తస్రావం జరిగింది. కొలెస్టరాల్‌ను తిరిగి చేర్చినా వ్యాధి తగ్గలేదు. కొవ్వుతో పాటు మరేదో పోషకం తొలగిపోయిందని గ్రహించిన డామ్, గడ్డకట్టడం అనే అర్థం గల పదంలోని మొదటి అక్షరాన్ని తీసుకొని 1935లో దానికి విటమిన్-కె అని పేరు పెట్టారు. 1939లో లూసర్న్ పచ్చిమేత నుండి విటమిన్-కె1ను శుద్ధరూపంలో వేరుచేశారు. డామ్‌కు, ఈ విటమిన్ రసాయన స్వభావాన్ని తేల్చిన అమెరికా శాస్త్రవేత్త ఎడ్వర్డ్ డాయిసీకి 1943వ సంవత్సరపు నోబెల్ బహుమతి లభించింది.

ఇదే కాలంలో కెనడాలోను, ఉత్తర అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను బూజుపట్టిన స్వీట్ క్లోవర్ ఎండుగడ్డి తిన్న పశువులు కొమ్ములు కోసినప్పుడు, విత్తులు కొట్టినప్పుడు రక్తం ఆగక మరణించసాగాయి. ఆ గడ్డిలోని కౌమరిన్ అనే పదార్థాన్ని బూజు డైకౌమరాల్‌గా మారుస్తుందని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ బృందం కనుగొన్నది. దాని ఆధారంగా రూపొందిన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా వాడుకలోకి వచ్చింది. ఎలుకలు వార్ఫరిన్‌కు తట్టుకునే శక్తిని పెంచుకున్న తరువాత బ్రోమాడియొలోన్ వంటి రెండవ తరం మందులు వచ్చాయి.

మన విషయానికి అత్యంత దగ్గరగా ఉన్నది 1936 నాటి ఒక శునక ప్రయోగం. పైత్యరసం ప్రేగులోకి చేరకుండా శస్త్రచికిత్సతో బయటికి మళ్లించిన కుక్కలలో కొంతకాలానికి రక్తస్రావం మొదలవుతుందని అప్పటికే తెలుసు. ఆ రక్తస్రావానికి ప్రోత్రాంబిన్ తగ్గిపోవడమే కారణమని హాకిన్స్, బ్రింక్‌హౌస్ అనే శాస్త్రవేత్తలు నిరూపించారు. ఆహారంతో పైత్యరసాన్ని తిరిగి అందించినప్పుడు ఆ కుక్కలు కోలుకున్నాయి. ఆహారంలో పోషకం ఉండడం వేరు, అది రక్తంలోకి చేరడం వేరు అన్న విషయం దీనివలన స్పష్టమవుతుంది. దీర్ఘకాలిక ప్రేగు వ్యాధిలోని సమస్యకు ఇదే మూలం.

3. రక్తం గడ్డకట్టడంలో విటమిన్-కె పాత్ర

గాయమైన చోట రక్తం రెండు దశలలో ఆగుతుంది. మొదట రక్తఫలకికలు గాయం వద్ద చేరి తాత్కాలికంగా అడ్డుకట్ట వేస్తాయి. తరువాత గడ్డకట్టించే కారకాలు వరుసగా ఉత్తేజితమై ఫైబ్రిన్ పోగుల వల ఏర్పడి ఆ అడ్డుకట్ట బలపడుతుంది. ఈ కారకాలలో 2, 7, 9, 10 సంఖ్యలు గలవి కాలేయంలో తయారవుతాయి. వాటిలోని గ్లుటామిక్ ఆమ్లానికి ఒక కార్బాక్సిల్ సమూహం అదనంగా చేరినప్పుడే అవి కాల్షియంతో కలిసి పనిచేయగలుగుతాయి. ఈ చేర్పుకు విటమిన్-కె అత్యవసరం. విటమిన్ లేనప్పుడు కాలేయం ఈ కారకాలను తయారుచేస్తూనే ఉంటుంది గాని, అవి పనిచేయని రూపంలో ఉంటాయి.

ఒకసారి పనిచేసిన విటమిన్-కె ఎపాక్సైడ్ రూపంలోకి మారుతుంది. ఒక ఎంజైము దానిని తిరిగి పూర్వరూపానికి తెస్తుంది. ఈ పునర్వినియోగం వలన శరీరానికి రోజూ అవసరమయ్యే విటమిన్ పరిమాణం స్వల్పం. వార్ఫరిన్, బ్రోమాడియొలోన్ ఈ ఎంజైమునే నిరోధిస్తాయి. ప్రేగు వ్యాధిలో ఎంజైము సక్రమంగా ఉంటుంది, విటమిన్ మాత్రమే రాదు. చికిత్సలోని తేడాకు ఈ అంశమే ఆధారం.

కుక్క రక్తంలో 7వ కారకం అర్ధాయువు సుమారు 6 గంటలు, 9వ దానిది 14 గంటలు, 10వ దానిది 16 గంటలు, 2వ కారకమైన ప్రోత్రాంబిన్‌ది 41 గంటలు. అన్నింటికంటే ముందు తరిగిపోయేది 7వ కారకం. ఆ లోపాన్ని పట్టి చూపే పరీక్ష ప్రోత్రాంబిన్ కాలం. దీనిని ప్రయోగశాలలలో పి.టి. అని వ్యవహరిస్తారు. రక్తస్రావం కంటికి కనబడక ముందే ఈ కాలం పెరుగుతుంది.

4. ప్రేగు వ్యాధిలో లోపం ఏర్పడే విధానం

మూడు వారాలకు మించి వాంతులు, విరేచనాలు, ఆకలి మందగించడం, బరువు తగ్గడం వంటి లక్షణాలు కొనసాగుతూ, పరాన్నజీవులు, అంటువ్యాధులు, కణితులు, కాలేయ, మూత్రపిండ, క్లోమ వ్యాధులు కారణం కావని తేలినప్పుడు దానిని దీర్ఘకాలిక ప్రేగు వ్యాధిగా పరిగణిస్తారు. కొన్ని శునకాలు ఆహారం మార్చడంతోనే కోలుకుంటాయి. మరికొన్నింటికి ప్రెడ్నిసొలోన్ వంటి రోగనిరోధక చర్యను తగ్గించే మందులు అవసరమవుతాయి. తీవ్రరూపంలో ప్రేగు నుండి మాంసకృత్తులు కారిపోయి రక్తంలో ఆల్బుమిన్ తగ్గుతుంది. పొట్టలో నీరు చేరుతుంది, కాళ్లు వాస్తాయి. ప్రేగులోని శోషరస నాళాలు ఉబ్బే వ్యాధి ఈ కోవకు చెందినదే. యార్క్‌షైర్ టెర్రియర్ జాతిలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది.

ఆహారంలోని విటమిన్-కె శరీరానికి చేరాలంటే నాలుగు మెట్లు దాటాలి. క్లోమరసం కొవ్వును విడగొట్టాలి. పైత్య లవణాలు దానిని సూక్ష్మబిందువులుగా మార్చాలి. చిన్నప్రేవు లోపలి పొర దానిని గ్రహించాలి. శోషరస నాళాలు దానిని రక్తంలోకి చేర్చాలి. ప్రేగు పొర వాచి చూషకాలు కురచబడినప్పుడు మూడవ మెట్టు, శోషరస నాళాలు మూసుకుపోయినప్పుడు నాలుగవ మెట్టు దెబ్బతింటాయి. జర్మన్ షెపర్డ్ కుక్కలలో తరచుగా కనిపించే క్లోమరస లోపంలో మొదటి మెట్టే దెబ్బతింటుంది.

దీనికి మరి మూడు కారణాలు తోడవుతాయి. మొదటిది, విటమిన్-ఎ వలె విటమిన్-కె కాలేయంలో ఎక్కువగా నిల్వ ఉండదు. రెండవది, జబ్బుపడిన కుక్క సరిగా తినదు. తిన్నా పెరుగన్నం, గంజి వంటి ఆహారంలో ఈ విటమిన్ స్వల్పం. ఆకుకూరలలో ఇది పుష్కలంగా ఉన్నా అవి కుక్కకు పెట్టే ఆహారంలో చేరడం అరుదు. మూడవది, ప్రేగులోని సూక్ష్మజీవులు విటమిన్-కె2ను తయారుచేస్తాయి. విరేచనాలు తగ్గించడానికి వారాల తరబడి యాంటీబయోటిక్ మందులు వాడితే ఆ వనరు కూడా తగ్గుతుంది. వీటిలో ఏ ఒక్కటీ సాధారణంగా రక్తస్రావం కలిగించదు. అన్నీ ఒకేచోట కలిసినప్పుడు ప్రమాదం ఏర్పడుతుంది.

ఈ రక్తస్రావం ప్రేగు వ్యాధి గల ప్రతి శునకంలోను రాదు, వచ్చేది కొద్ది శునకాలలో మాత్రమే. కాని వచ్చినప్పుడు ప్రాణాంతకం కావచ్చు. ఎక్కువ శునకాలలో పి.టి. పెరుగుదల పైకి కనబడకుండా ఉండి, శస్త్రచికిత్స, బయాప్సీ, చిన్న గాయం వంటి సందర్భాలలో బయటపడుతుంది.

5. వెంట వచ్చే ఇతర విటమిన్ లోపాలు

విటమిన్-బి12 చిన్నప్రేవు చివరి భాగంలో శోషించబడుతుంది. కుక్కలలో ఆ శోషణకు తోడ్పడే ప్రత్యేక మాంసకృత్తు ప్రధానంగా క్లోమంలో తయారవుతుంది. అందుచేత ప్రేగు వ్యాధిలోను, క్లోమరస లోపంలోను బి12 తరచుగా తగ్గుతుంది. ఇది తగ్గితే రక్తస్రావం కలగదు గాని ఆకలి చచ్చిపోయి, మూలవ్యాధికి ఇచ్చిన మందులు ఆశించిన ఫలితమివ్వవు. విటమిన్-డి కూడా కొవ్వులో కరిగేదే. ప్రేగు వ్యాధి గల శునకాలలో ఇది తగ్గినప్పుడు వ్యాధి ఫలితం ప్రతికూలంగా ఉంటుందని పరిశోధనలు సూచిస్తున్నాయి. దీని లోపం తీవ్రమైతే రక్తంలో కాల్షియం తగ్గి వణుకు, ఈడ్పులు కనిపిస్తాయి. ప్రయోగశాలలో బి12 తక్కువగా ఉన్నదని తేలిన శునకంలో విటమిన్-కె కూడా తగ్గి ఉండవచ్చునని అనుమానించి పి.టి. చూడడం వివేకం.

6. లక్షణాలు

విటమిన్-కె లోపంలో రక్తస్రావం సాధారణంగా పెద్దదిగా, లోతుగా ఉంటుంది. చర్మం క్రింద రక్తపు గడ్డలు, కీళ్లలో రక్తం చేరి కుంటడం, ఛాతీలో చేరి ఆయాసం, పొట్టలో చేరి చిగుళ్లు పాలిపోవడం ముఖ్య లక్షణాలు. ఇంజెక్షన్ చేసిన చోట, రక్తం తీసిన చోట వాపు రావడం తొలి సూచన కావచ్చు. ముక్కు నుండి రక్తం కారవచ్చు. మలం నల్లగా తారువలె ఉండవచ్చు. అయితే ప్రేగు వ్యాధిలో పుండ్లవలన కూడా మలంలో రక్తం పడుతుంది. కావున మలంలో రక్తం ఒక్కటే చూచి ఈ లోపాన్ని నిర్ధారించరాదు. ప్రేగుతో సంబంధం లేని చోట కూడా రక్తస్రావం ఉన్నదా అని వెదకాలి.

రక్తఫలకికలు తగ్గినప్పుడు కనిపించే తీరు వేరు. చిగుళ్లపై, పొట్ట చర్మంపై సూదిమొన పరిమాణంలో ఎర్రని చుక్కలు ఏర్పడతాయి. విటమిన్-కె లోపంలో ఇటువంటి చుక్కలు సాధారణంగా కనిపించవు.

7. నిర్ధారణ పద్ధతి

రక్తం కారుతున్న కుక్కలో మొదట చేయవలసినవి మూడు పరీక్షలు: రక్తఫలకికల లెక్క, పి.టి., ఎ.పి.టి.టి. ఈ రెండవ రకపు గడ్డకట్టు కాలం విటమిన్-కె లోపంలో కొంత ఆలస్యంగా పెరుగుతుంది. ఫలితాలను ఆ ప్రయోగశాల నిర్ణయించిన సాధారణ పరిధితో గాని, అదే రోజు పరీక్షించిన ఆరోగ్యవంతమైన కుక్క రక్తంతో గాని పోల్చాలి. మనుషులకు నిర్ణయించిన పరిధి కుక్కలకు వర్తించదు.

రక్తం తీసేటప్పుడు మెడలోని పెద్ద సిరను వాడరాదు. అక్కడ రక్తస్రావమైతే ఊపిరి ఆడకపోయే ప్రమాదమున్నది. కాలి సిర నుండి సన్నని సూదితో తీసి, 5 నిమిషాలు వ్రేలితో అదిమి పట్టాలి. సిట్రేట్ గొట్టంలో 1 పాలు సిట్రేట్‌కు 9 పాళ్లు రక్తం నిష్పత్తి తప్పక పాటించాలి. గొట్టం నిండకపోతే కాలం కృత్రిమంగా పెరిగినట్లు కనిపిస్తుంది. రక్త నమూనాను విటమిన్-కె ఇవ్వకముందే తీయాలి.

పి.టి. సౌకర్యం లేని చోట శుభ్రమైన రెండు గాజు గొట్టాలలో, ఒకదానిలో రోగి రక్తం, మరొకదానిలో ఆరోగ్యవంతమైన కుక్క రక్తం తీసుకొని, శరీర ఉష్ణోగ్రత గల నీటిలో ఉంచి, గడ్డకట్టే కాలాన్ని పోల్చవచ్చు. ఇది స్థూలమైన పరీక్ష. తేడా స్పష్టంగా ఉంటే లోపమున్నదని చెప్పవచ్చు గాని, తేడా లేనంత మాత్రాన లోపం లేదని చెప్పరాదు.

ఆ తరువాత ఆల్బుమిన్, కాలేయ పరీక్షలు, మలపరీక్ష చేయించాలి. కాలేయం చెడినప్పుడు కూడా గడ్డకట్టించే కారకాలు తగ్గుతాయి. కొంకి పురుగులు ప్రేగు గోడ నుండి రక్తం పీల్చి రక్తహీనత కలిగిస్తాయి. క్లోమరస లోపాన్ని నిర్ధారించడానికి టి.ఎల్.ఐ. అనే రక్తపరీక్ష ఉన్నది.

8. మూడు స్థితులను వేరుచేయడం

ముక్కు నుండి రక్తం కారుతున్న మూడు కుక్కలను ఉదాహరణగా తీసుకొందాం.

(అ) మొదటి కుక్కకు జ్వరం, ఒంటిపై గోమార్లు, చిగుళ్లపై ఎర్రని చుక్కలు ఉన్నాయి. రక్తఫలకికలు బాగా తగ్గినవి, పి.టి. సాధారణం. ఇది గోమార్ల ద్వారా వ్యాపించే ఎర్లికియా వ్యాధి కావడానికి అవకాశమెక్కువ. ఉభయ తెలుగు రాష్ట్రాలలో ఈ వ్యాధి సాధారణం కనుక దీనిని మొదటనే పరిశీలించాలి. దీనికి విటమిన్-కె వలన ప్రయోజనం లేదు. డాక్సీసైక్లిన్ వంటి మందు అవసరం.

(ఆ) రెండవ కుక్క నిన్నటివరకు పుష్టిగా, చురుకుగా ఉన్నది. కొద్దిరోజుల క్రితం సమీప పొలాలలో ఎలుకలకు ఎర పెట్టారు. పి.టి. బాగా పెరిగినది, రక్తఫలకికలు, ఆల్బుమిన్ దాదాపు సాధారణం. విరేచనాల చరిత్ర లేదు. ఇది బ్రోమాడియొలోన్ విషప్రభావం కావచ్చు. ఈ మందు తిన్న సాధారణంగా 3 నుండి 5 రోజుల తరువాతనే రక్తస్రావం మొదలవుతుంది. అప్పటివరకు కుక్క మామూలుగానే ఉంటుంది.

(ఇ) మూడవ కుక్కకు రెండు నెలలుగా విరేచనాలు. ప్రక్కటెముకలు కనిపిస్తున్నాయి. పి.టి. పెరిగినది, రక్తఫలకికలు సాధారణం, ఆల్బుమిన్, బి12 తక్కువ, కాలేయ పరీక్షలలో చెప్పుకోదగిన మార్పు లేదు. ఇది శోషణ లోపం వలన కలిగిన విటమిన్-కె లోపమని భావించాలి. విటమిన్-కె1 ఇచ్చిన 24 గంటలలో పి.టి. సాధారణ స్థితి వైపు మళ్లితే ఈ భావన బలపడుతుంది.

బ్రోమాడియొలోన్ తిన్న కుక్క కూడా విటమిన్-కె1కు స్పందిస్తుంది. కావున స్పందన ఒక్కటే తేడాను నిరూపించదు. చరిత్ర, శరీర స్థితి, ఆల్బుమిన్ కలిపి చూడాలి. ప్రేగు వ్యాధి గల కుక్క ఎలుకల మందు కూడా తిని ఉండవచ్చు. అనుమానం తీరనప్పుడు ఎక్కువ కాలపు చికిత్సనే అనుసరించి, దానితో పాటు ప్రేగు వ్యాధిని పరిశోధించడం క్షేమం.

జింక్ ఫాస్ఫైడ్ ఈ కోవకు చెందినది కాదు. అది కడుపులో ఫాస్ఫిన్ వాయువును విడుదల చేసి గంటలలో వాంతులు, ఆయాసం, ఈడ్పులు కలిగిస్తుంది. దానికి విటమిన్-కె విరుగుడు కాదు.

9. చికిత్స

చికిత్స పశువైద్యుని పర్యవేక్షణలో జరగాలి. ఇందులో గమనించవలసిన అంశాలు ఇవి.

మందు రూపం: వాడవలసినది విటమిన్-కె1, అనగా ఫైటోమెనాడియోన్. మెనాడియోన్ అనే విటమిన్-కె3 ఈ స్థితిలో పనిచేయదు. రెండింటినీ దుకాణాలలో "విటమిన్-కె ఇంజెక్షన్" అనే వ్యవహరిస్తారు కనుక లేబుల్‌పై పేరు చదివిన తరువాతనే తీసుకోవాలి.

ఇచ్చే మార్గం: ఎలుకల మందు తిన్న కుక్కకు, ప్రేగు బాగున్నది కనుక, కొవ్వు గల ఆహారంతో విటమిన్-కె1 మాత్రలు ఇవ్వవచ్చు. ప్రేగు వ్యాధి గల కుక్కకు మాత్ర ఇస్తే, ఆహారంలోని విటమిన్‌ను గ్రహించలేని ప్రేగు మాత్రలోని దానిని కూడా గ్రహించలేదు. చర్మం క్రింద ఇంజెక్షన్ ఇవ్వడమే సరియైన మార్గం. కండరంలో ఇస్తే రక్తపు గడ్డ ఏర్పడుతుంది. సిరలోకి ఇస్తే ప్రాణాంతకమైన అలర్జీ కలుగవచ్చు.

మోతాదు: శోషణ లోపంలో కిలో బరువుకు 0.5 నుండి 1.5 మి.గ్రా. చొప్పున 12 గంటలకొకసారి రెండు మూడు మోతాదులు ఇచ్చి పి.టి. మళ్లీ చూస్తారు. ఉదాహరణకు 20 కిలోల కుక్కకు కిలోకు 1 మి.గ్రా. చొప్పున 20 మి.గ్రా. అవసరం. ఒక మి.లీ.లో 10 మి.గ్రా. గల ఆంప్యూళ్లయితే అది 2 మి.లీ. దానిని సన్నని సూదితో రెండు మూడు చోట్ల విభజించి ఇవ్వాలి. నవజాత శిశువులకు ఉద్దేశించిన తక్కువ మోతాదు ఆంప్యూళ్లు కూడా లభిస్తాయి కనుక లెక్క వేసిన తరువాతనే వాడాలి. అధిక మోతాదు ఎర్ర రక్తకణాలకు హాని చేయవచ్చును గనుక ఎక్కువ ఇస్తే ఎక్కువ మేలన్న అభిప్రాయం సరికాదు.

బ్రోమాడియొలోన్ విషప్రభావంలో రోజుకు కిలోకు 2.5 నుండి 5 మి.గ్రా. చొప్పున మూడు నాలుగు వారాలు ఇవ్వవలసి ఉంటుంది. చివరి మోతాదు తరువాత 48 గంటలకు పి.టి. చూచి, అది సాధారణంగా ఉన్నప్పుడే ఆపాలి.

అత్యవసర స్థితి: విటమిన్ ఇచ్చిన తరువాత కొత్త కారకాలు తయారు కావడానికి కొన్ని గంటలు పడుతుంది. ఈలోగా ప్రాణాపాయం ఉంటే తాజా రక్తం గాని, ఘనీభవింపజేసి నిల్వచేసిన ప్లాస్మా గాని ఎక్కించాలి. ప్లాస్మా మోతాదు కిలోకు 10 నుండి 20 మి.లీ.

మూలవ్యాధి: పి.టి. సరియైన తరువాత చికిత్స ముగిసినట్లు కాదు. ప్రేగు వ్యాధి నయం కానంత వరకు లోపం మళ్లీ ఏర్పడుతుంది. అంతకుముందు తినని ఒకే రకపు మాంసకృత్తు గల ఆహారం, శోషరస నాళాల వ్యాధిలో కొవ్వు తక్కువ గల ఆహారం, అవసరమైతే ప్రెడ్నిసొలోన్, క్లోమరస లోపంలో ఆహారంతో కలిపి ఇచ్చే క్లోమ ఎంజైములు ముఖ్యమైనవి. బి12ను శరీర బరువును బట్టి 250 నుండి 1500 మైక్రోగ్రాముల వరకు వారానికొకసారి ఆరు వారాలు చర్మం క్రింద ఇస్తారు. పి.టి.ని వారం తరువాత, నెల తరువాత మళ్లీ పరీక్షించడం మంచిది.

బయాప్సీకి ముందు: ప్రేగు వ్యాధి స్వభావం తెలుసుకోవడానికి ఎండోస్కోపీ ద్వారా గాని, శస్త్రచికిత్స ద్వారా గాని ప్రేగు ముక్క తీస్తారు. విటమిన్-కె లోపం ఎక్కువగా ఉండగల శునకాలకే ఈ పరీక్ష అవసరమవుతుంది. కావున బయాప్సీకి ముందు పి.టి. చూడడం తప్పనిసరి నియమంగా పాటించాలి. కాలం పెరిగి ఉంటే ఒకటి రెండు రోజులు విటమిన్-కె1 ఇచ్చి, సరియైనదని పరీక్షలో తేలిన తరువాతనే ముందుకు సాగాలి.

10. గడ్డలు ఏర్పడే ప్రమాదం

మాంసకృత్తులు కారిపోయే ప్రేగు వ్యాధిలో రక్తస్రావం కంటే రక్తనాళాలలో గడ్డలు ఏర్పడడమే ఎక్కువగా కనిపిస్తుంది. గడ్డకట్టడాన్ని అదుపులో ఉంచే యాంటీత్రాంబిన్ అనే మాంసకృత్తు ఆల్బుమిన్‌తో పాటు కారిపోవడం దీనికి ఒక కారణం. ఊపిరితిత్తులలో గడ్డ అడ్డుపడితే కుక్క అకస్మాత్తుగా ఆయాసపడి మరణించవచ్చు. అందువలన ఇటువంటి శునకాలకు కొందరు వైద్యులు క్లోపిడోగ్రెల్ వంటి మందులు ఇస్తారు. విటమిన్-కె లోపం ఉన్నదేమో చూడకుండా ఈ మందులు మొదలుపెడితే రక్తస్రావం తీవ్రమవుతుంది. ఆయాసం ఛాతీలో రక్తం చేరడం వలననా, గడ్డ వలననా అన్నది కూడా పరీక్షలతోనే తేలుతుంది. ఈ వ్యాధిలో ఊహపై ఆధారపడి మందు ఇవ్వడం రెండు వైపులా ప్రమాదకరం.

11. వ్యవసాయ సిబ్బంది, రైతుల బాధ్యత

బ్రోమాడియొలోన్ ఎరను 0.25 శాతం మందు 2 పాళ్లు, నూనె 2 పాళ్లు, నూకలు 96 పాళ్లు కలిపి తయారుచేస్తారు. ఇందులో మందు 0.005 శాతం ఉంటుంది. ఈ ఎరను పొట్లాలుగా కట్టి ఎలుకలున్న బొరియల లోపల ఉంచాలి. గట్లపై చల్లరాదు. చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చాలి. ఏ మందు, ఏ తేదీన, ఏ పొలంలో పెట్టినదీ వ్రాసి ఉంచాలి. ఖాళీ పొట్లంపై పేరును పశువైద్యునికి చూపగలిగితే నిర్ధారణ సులభమవుతుంది. ఆ కాలంలో ఏ ఎరా పెట్టలేదని నమోదులో తేలినా అది కూడా ఉపయోగకరమైన సమాచారమే. వైద్యుని దృష్టి అప్పుడు ప్రేగుపైకి మళ్లుతుంది.

రక్తం కారుతున్న కుక్కను తెచ్చిన రైతును ఎర గురించి అడిగిన తరువాత మరి మూడు ప్రశ్నలు అడగాలి. విరేచనాలు ఎన్ని వారాలుగా ఉన్నాయి? బరువు తగ్గిందా? ఇప్పటివరకు ఏ మందులు వాడారు? ఈ మూడు జవాబులు వ్రాసి పశువైద్యశాలకు పంపడం ఏ ఉద్యోగి అయినా చేయగల పని.

12. ముగింపు

ఎలుకల మందు విటమిన్-కె పునర్వినియోగాన్ని అడ్డుకుంటుంది. దీర్ఘకాలిక ప్రేగు వ్యాధి ఆ విటమిన్ రాకనే అడ్డుకుంటుంది. రెండింటిలోను రక్తం గడ్డకట్టదు. మొదటిదానిలో విషప్రభావం తొలగేవరకు వారాలపాటు విటమిన్ ఇవ్వాలి. రెండవదానిలో రెండు మూడు ఇంజెక్షన్లతో రక్తం సరియైనా, ప్రేగు వ్యాధికి చికిత్స కొనసాగించాలి. మూడు వారాలకు మించి విరేచనాలున్న ప్రతి శునకంలోను రక్తం తీసిన చోట వాపు వచ్చినప్పుడు, ఎక్కడైనా రక్తం కారినప్పుడు, బయాప్సీ తలపెట్టినప్పుడు ప్రోత్రాంబిన్ కాలం పరీక్షించాలి. ఆ ఫలితం తెలిసిన తరువాత చేయవలసిన చికిత్స కష్టమైనది కాదు, ఖరీదైనదీ కాదు. సకాలంలో పరీక్ష జరగడమే ముఖ్యం.